పిల్లలకు పద్దులు నేర్పకండి మహాప్రభో

హైస్కూలు పిల్లలకు వ్యాపారం నేర్పుతారట. పద్దులు రాయడం నేర్పుతారట. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి పట్టికలు వేయడం, వడ్డీ కట్టడం, బిల్లు కొట్టడం కూడా నేర్పుతారట. ఎవరిచ్చారండీ ఈ సలహా? కృష్ణా డెల్టా దిగువన మేం కొందరు పెద్దమనుషులం ప్రశాంతంగా బతుకుతున్నాం. మిల్లరున్నాడు, రొయ్యల మేత డీలరున్నాడు, వడ్డీ వ్యాపారి ఉన్నాడు, రెసిడెన్షియల్ స్కూలు కరస్పాండెంటున్నాడు, ప్రారంభోత్సవాలకు వచ్చే నాయకుడున్నాడు. మా అందరి తరఫునా చేతులు జోడించి అడుగుతున్నాను, ఈ పని చేయకండి.

ఈ గండం ఇప్పుడే కొత్తగా వచ్చింది కాదు. 2020 నాటి జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచే వృత్తివిద్య అంది. 2025 కల్లా దేశంలో కనీసం సగం మంది విద్యార్థులకు దాని రుచి చూపిస్తానంది. మాకు నిద్ర పట్టలేదు. 2025 వచ్చింది, వెళ్ళింది. బందరు నుంచి నాగాయలంక దాకా ఎవరికీ ఏమీ కాలేదు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్ళకు పుస్తకాల సంచి లేని పది రోజులుండాలని కూడా ఆ విధానంలో రాశారు. మన రాష్ట్రం ఇంకో అడుగు ముందుకేసి ప్రతి శనివారం సంచి వద్దంది. సంచి వద్దంటే మాకేం అభ్యంతరం లేదు. లెక్కల పుస్తకం ఇంట్లో వదిలేసి చేతులూపుకుంటూ తిరిగే పిల్లలంటే మాకు ప్రాణం. ఖాళీగా ఉన్న ఆ చేతుల్లో ఎవరైనా చిట్టా, ఆవర్జా పెడతారేమోనన్నదే మా భయం.

కోడూరు మండలంలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె ఉందనుకోండి. ఆ పిల్లకు జంటపద్దు విధానం నాలుగు పీరియడ్లు చెప్పారనుకోండి. ఒకచోట రూపాయి పోయిందంటే ఇంకోచోట వచ్చే ఉంటుంది, రెండు చోట్లా రాయాలి అంటారు మాస్టారు. మాస్టారు చెప్పి ఊరుకుంటారు. పిల్ల ఊరుకోదే! ఇంటికి వెళ్ళి మొదటి పద్దు తల్లి పేరున రాస్తుంది. తల్లికి వందనం కింద ప్రకటించింది 15,000. బ్యాంకు మెసేజీలో వచ్చింది 13,000. మిగతా రెండు వేలు బడి నిర్వహణకు పట్టుకున్నారు. అంతకు ముందు ప్రభుత్వంలో దీన్నే అమ్మ ఒడి అనేవారు. అదీ 15,000తో మొదలై, ఒక ఏడు వెయ్యి, మరుసటి ఏడు రెండు వేలు మరుగుదొడ్ల కోసమూ నిర్వహణ కోసమూ ఆగిపోయి, 13,000 దగ్గర కుదురుకుంది. పథకం పేరు మారింది, పార్టీ మారింది, కోత మారలేదు. స్థిరాస్తి అన్న తలకట్టు కింద ఏం రాయాలో పిల్లకు అప్పుడు అర్థమవుతుంది. ఆ తర్వాత రెండు వేలు ఎక్కడికి వచ్చాయో చూద్దామని బడి వెనక మరుగుదొడ్డి దాకా నడుస్తుంది. తలుపుకు గడియ ఉందో లేదో, కుళాయిలో నీళ్ళొస్తున్నాయో లేదో చూసి, హెడ్మాస్టారు గదికి వచ్చి, 'సార్, ఓచరు ఉందాండీ?' అంటుంది.

తొమ్మిదో తరగతిలో ఓచరు అడిగిన పిల్ల ఓటు వయసొచ్చాక ఏమడుగుతుందో ఆలోచించారా?

రెండో పద్దు తండ్రిది. ఆయన కౌలు రైతు. 2025-26కి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. 75 కిలోల బస్తాకు లెక్కేస్తే 1,777. ఇది బోర్డు మీద రాసే ధర. కళ్ళంలో నడిచే ధర వేరు. తేమ 17 శాతం దాటకూడదు. రైతు సేవా కేంద్రంలో యంత్రం ఒక అంకె చూపిస్తుంది, మిల్లు గేటు దగ్గర ఇంకో అంకె చూపిస్తుంది. మధ్య దారిలో గింజలకు లారీ మీద చెమట పట్టింది కాబోలు. తేడా వచ్చింది కనుక బస్తాకు ఇన్ని కిలోలని తరుగు తీస్తారు. ఇదంతా ఎన్నో ఏళ్ళుగా ఎవరి మనసూ నొప్పించకుండా నోటిమాట మీద జరిగిపోతున్న వ్యవహారం. మద్దతు ధర ఒక గడిలో, చేతికొచ్చింది ఇంకో గడిలో, తేడా మూడో గడిలో పెట్టి, కింద ఊరి మొత్తం బస్తాలతో గుణించి చూపించే ఎక్సెల్ షీటొకటి బయటికొస్తే మిల్లరు ముఖం ఎక్కడ పెట్టుకుంటాడు?

ఇంటర్లో కామర్సు చదివినవాళ్ళకు వ్యాపార అస్తిత్వ భావన అని ఒక పాఠముంటుంది. యజమాని వేరు, వ్యాపారం వేరు అని చెబుతుంది. మా దివిసీమకు ఆ పాఠం కొత్తగా చెప్పక్కర్లేదు. భూమి ఒకరిది, సేద్యం ఇంకొకరిది. పాసుపుస్తకం చూపించి పంట రుణం తెచ్చుకునేది భూమి గలాయన. మేత డీలరు దగ్గరో, వడ్డీ వ్యాపారి దగ్గరో అప్పు చేసేది సేద్యగాడు. 2019లో సాగుదారు హక్కుల చట్టం తెచ్చి కౌలుదారుకు కార్డిస్తామన్నారు, ఆ కార్డు మీద మళ్ళీ భూమి గలాయనే సంతకం పెట్టాలన్నారు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా దిగువకు వదిలినప్పుడు లంకల్లో మునిగింది కౌలుదారు పంట. పరిహారం జాబితాలో పేరు ఎవరిదన్నది ఊరిని బట్టి, మొహమాటాన్ని బట్టి. ఇంత చక్కగా ఆస్తి ఒకవైపు, అప్పు ఒకవైపు విడదీసి పెట్టుకున్నాం కదా, ఆ రెండూ ఒకే కాగితం మీదికి తెచ్చే ఆస్తి అప్పుల పట్టీ అనే దుర్మార్గాన్ని పిల్లలకు ఎందుకు పరిచయం చేయడం?

వరి వదిలేసి రొయ్యల చెరువు తవ్వినవాళ్ళ ఇళ్ళల్లో పరిస్థితి ఇంకా ప్రమాదం. కిలోకు వంద తూగితే వంద కౌంటు, ముప్పై తూగితే ముప్పై కౌంటు. అంకె తగ్గేకొద్దీ ధర పెరుగుతుందని చెరువు గట్టున పెరిగిన పిల్లలకు పుట్టుకతోనే తెలుసు. వాళ్ళకు తెలియనిది మేత ఖాతా. ఆ ఖాతా కూడా చదవడం వచ్చిందనుకోండి, కొట్టు దగ్గర సంభాషణ ఇలా నడుస్తుంది.

'ఏవండీ, మేత బస్తా నగదుకు ఒక రేటు, అరువుకు ఒక రేటు వేశారండీ. పైన వేసిన తేడా వడ్డీయే కదండీ?'

'అవునమ్మా.'

'మరి కింద మళ్ళీ వడ్డీ అని ఇంకో గీత ఉందండీ.'

'అది బాకీ మీద వడ్డీ తల్లీ.'

'బాకీలో వడ్డీ ముందే కలిపారు కదండీ. సరుకు కూడా మీకే అమ్మాలని రాయించుకున్నారు. మార్కెట్టు కంటే మీరు తక్కువ కట్టింది ఏ ఖాతాలో రాయమంటారండీ?'

'మీ నాన్నని పంపించు. చిన్నపిల్లవి, నీకెందుకమ్మా ఇవన్నీ? బుద్ధిగా చదువుకో.'

బుద్ధిగా చదువుకుంటే ఇలాగే తయారవుతారని డీలరుకు ఎవరు చెప్పాలి! అమెరికా 2025 ఆగస్టులో మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచిందన్న వార్త సముద్రాలు దాటి చెరువు గట్టుకు చేరడానికి ఒక్క పూట పట్టింది. ధర తగ్గే వార్త అలాగే వస్తుంది. పెరిగే వార్త ఎప్పుడూ కోల్డ్ స్టోరేజీలో ఆగి వస్తుంది. ఈ రెండు ప్రయాణాల కాలాన్ని పక్కపక్కన గీసి గ్రాఫు చూపించే పిల్ల ఊరికొకతె చాలు, మా కొంపలు కూలడానికి.

ఇక వడ్డీ. మన దగ్గర నూటికి రెండు, నూటికి మూడు అంటాం. వినడానికి ఎంత సాధువుగా ఉంటుంది! రెండు వేళ్ళు, మూడు వేళ్ళు చూపిస్తే చాలు. కంప్యూటరు మాత్రం అదే మూడును ఏడాదికి 36 శాతం అని తెరమీద పెద్ద అక్షరాలతో పెడుతుంది. మర్యాద తెలియని యంత్రం. 2015 డిసెంబరులో బెజవాడలో కాల్‌మనీ వ్యవహారం బయటపడ్డప్పుడు జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. రోజువారీ వసూలును ఏడాది వడ్డీగా మార్చడం పదో తరగతిలో చెప్పి ఉంటే నోళ్ళు వెళ్ళబెట్టే సందర్భమే వచ్చేది కాదు, అప్పు తీసుకునే సందర్భం అంతకన్నా వచ్చేది కాదు. బెజవాడ కేంద్రంగానే నడిచిన అగ్రిగోల్డ్‌ను చూడండి. దాదాపు 32 లక్షల మంది డిపాజిటర్లు, మునిగిన డబ్బు సుమారు 6,380 కోట్లు. ఏజెంట్లు ఎవరో పరాయివాళ్ళు కారు. బాబాయి, పిన్ని, పక్కింటి మాస్టారు. బ్యాంకు కంటే రెట్టింపు ఇస్తామంటున్న కంపెనీ ఆ రెట్టింపు ఏ వ్యాపారంలో సంపాదిస్తోందని ఒక్క పదిహేనేళ్ళ పిల్ల భోజనాల దగ్గర అడిగి ఉంటే అంత పెద్ద పరిశ్రమ పురిట్లోనే పోయేది. అడగలేదు. ఆ రోజుల్లో ఆ పిల్ల త్రికోణమితి చేస్తోంది.

లెక్కలు బాగా వచ్చినవాళ్ళు అసలు లేరా అంటారేమో. ఉన్నారు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు రాసిన ఉత్తరంలో, బ్యాంకుల్లో ఉందని చూపించిన డబ్బులో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. ప్రపంచస్థాయి ఆడిటర్లు ఏళ్ళ తరబడి సంతకాలు పెట్టిన పుస్తకాలవి. పద్దులూ కంప్యూటరూ కలిస్తే ఎంత ఎత్తుకు ఎదగవచ్చో తెలుగువాడు అప్పుడే చూపించాడు. ఇంత సున్నితమైన విద్యను పంచాయతీ హైస్కూళ్ళలో పంచిపెట్టడం నాకు నచ్చదు. కొద్దిమంది దగ్గర ఉంటేనే దానికి విలువ.

గుడివాడ సంగతి వేరు. అక్కడ వ్యాపారం కోర్సు ఎప్పటినుంచో నడుస్తోంది, పిల్లలకు కాదు, పిల్లలతో. రెసిడెన్షియల్ హైస్కూళ్ళకు పేరుమోసిన ఊరు. ముడిసరుకు జూన్‌లో దిగుతుంది, ఏప్రిల్‌లో తూకం వేస్తారు, తూకం 600కి. పైన తేలింది ఫ్లెక్సీ మీదికి వెళుతుంది, మిగతాది రిజిస్టరులో ఉంటుంది. తెల్లవారుజామున లేపి చదివించడం ఉత్పత్తి, వారానికో పరీక్ష నాణ్యత తనిఖీ, ఫలితాల రోజు టీవీలో ఊపిరి తీసుకోకుండా అంకెలు చదివించడం ప్రకటన విభాగం. ఇంత సజీవమైన బిజినెస్ స్కూలు అహ్మదాబాదులో కూడా ఉండదు. టైంటేబుల్లో కంప్యూటరు పీరియడు ఉంటుంది, ఆ పీరియడుకు లెక్కల మాస్టారు వస్తారు. స్కూలు పేరులోనే టెక్నో అని ఉన్నాక మళ్ళీ కంప్యూటరు దేనికని. ల్యాబు మాత్రం అడ్మిషన్ల రోజుల్లో తెరిచి ఉంటుంది, తల్లిదండ్రులు చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని వస్తారు.

ఇలాంటి పవిత్రమైన చోట వ్యయ గణనం అనే శాస్త్రాన్ని పిల్లలకు చెప్పారనుకోండి. కట్టిన ఫీజులో రసీదు ఉన్నదెంత, తెల్లకాయితం మీద రాసిచ్చిందెంత, హాస్టలు సాంబారుకు ఎంత, ఫ్లెక్సీకి ఎంత అని వాళ్ళు విడివిడిగా వేస్తారు. మొత్తాన్ని వచ్చిన మార్కులతో భాగించి, ఒక్కో మార్కు నాన్నకు ఎంత పడిందో తేలుస్తారు. పక్కనే సర్కారు బడిలో చదివి అన్నే మార్కులు తెచ్చుకున్న పిల్లకు మార్కు ఎంత పడిందో కూడా వేస్తారు. ఆ సాయంత్రం ఇంట్లో నాన్న అన్నం తినగలడా?

మన ఇళ్ళకూ ఈ కోర్సులు పడవు. పదో తరగతి వరకు పద్దులన్న ఊసే రాదు, సాంఘికశాస్త్రంలో బ్యాంకుల గురించి నాలుగు పేజీలు తప్ప. ఇంటర్లో సీఈసీ అని ఒక గ్రూపు ఉంది. సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్. ఆ పేరు గొంతు తగ్గించి చెప్పాలి. 'మావాడు ఎంపీసీ అండీ' అనే మాట వీధి అరుగు మీద కూర్చుని అంటాం. 'రెండోవాడు సీఈసీ' అనేది వంటింట్లో, అదీ అడిగితేనే. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి మాత్రం ఎంపీసీ చదివి ఇంజనీరైన పెద్దబ్బాయి, నాన్న కొట్టు రిటర్ను దాఖలు చేయించడానికి నెలనెలా ఆ రెండోవాడి స్నేహితుడి ఆఫీసు మెట్లెక్కుతున్నాడు. బయట చెప్పులు విడిచి, ఫైలు చంకలో పెట్టుకుని. ఇది అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

సర్కారు బళ్ళ విషయంలో నాకు కొంత ధైర్యం ఉంది. ప్రభుత్వాల మీద నాకు నమ్మకం. 2008 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో 5,000 హైస్కూళ్ళకు కంప్యూటర్లు దించారు, నడపడానికి ప్రైవేటు సంస్థలకు ఐదేళ్ళ ఒప్పందం ఇచ్చారు. ఒప్పందం ముగిసింది. నేర్పేవాళ్ళు వెళ్ళిపోయారు. కంప్యూటర్లు గదిలో, గది తాళంలో, తాళంచెవి సొరుగులో, సొరుగు తాళంచెవి బదిలీ అయిన హెడ్మాస్టారి జేబులో. తరుగుదల పాఠానికి ఇంతకంటే ఉదాహరణ ఏ పాఠ్యపుస్తకంలో ఉంటుంది? తర్వాత ట్యాబులొచ్చాయి. 2022 డిసెంబరు 21న, అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి పుట్టినరోజున, ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి 5,18,740 ట్యాబుల పంపిణీ మొదలైంది. లోపల బైజూస్ పాఠాలు. 2024 జూలైలో ఆ బైజూస్ మీదే దివాలా ప్రక్రియ మొదలైంది. దివాలా అనే అధ్యాయాన్ని పిల్లల చేతుల్లోనే ఇంత ప్రత్యక్షంగా జరిపించి చూపించిన ప్రభుత్వం ప్రపంచంలో ఇంకోటి ఉండదు.

స్కిల్ అన్న మాటను పల్లెపల్లెకూ చేర్చింది కూడా బడి కాదు, కేసు. 2023 సెప్టెంబరు 9న నంద్యాలలో చంద్రబాబు నాయుడు అరెస్టయింది స్కిల్ డెవలప్‌మెంట్ కేసులో. ఒప్పందం ప్రకారం 90 పాళ్ళు కంపెనీలవి, 10 పాళ్ళు ప్రభుత్వానివి. ఆ పది పాళ్ళు, 371 కోట్లు, ఎటో పోయాయని ఒక పక్షం, ఆ డబ్బుతో శిక్షణ కేంద్రాలు నడిచాయి చూడండని ఇంకో పక్షం. అది కోర్టులు చూసుకునే సంగతి. నాకు ముచ్చటేసింది వేరు. ఆయన జైల్లో ఉన్న రోజుల్లో ఏ టీకొట్టు దగ్గర చూసినా ప్రతివాడూ ఆడిటరే, ఒక్కడు కూడా ఒక్క పద్దు కాగితం చూసినవాడు కాడు. ఎంత ఆరోగ్యకరమైన సమాజం! 2024 జూన్‌లో ఆయన మళ్ళీ ముఖ్యమంత్రి అయి సంతకం పెట్టిన తొలి ఐదు ఫైళ్ళలో నైపుణ్య గణన ఒకటి. నైపుణ్యాలను లెక్కపెడతారు, నేర్పరు కనుక మాకు ఇబ్బంది లేదు. ఇప్పుడు ఇంటికో పారిశ్రామికవేత్త అంటున్నారు. ఇది కూడా మాకు పాతే. చిలకలపూడి సందుల్లోకి వెళ్ళండి. రోల్డుగోల్డు గొలుసులకు పూసలు గుచ్చే ఇళ్ళల్లో బడి నుంచి వచ్చిన పిల్ల సంచి దించకముందే పళ్ళెం ముందు కూర్చుంటుంది. ఇంటికో పారిశ్రామికవేత్త కాదు, ముగ్గురేసి ఉన్నారు. కూలి డజనుకింత అని కట్టేస్తాం. ఆ డజను గొలుసులు హైదరాబాదు షోరూములో ఎంతకు అమ్ముతున్నారో వాళ్ళకు చెప్పనంతవరకు పరిశ్రమ వర్ధిల్లుతూనే ఉంటుంది.

నేర్పేవాళ్ళెవరు అన్న ప్రశ్న కూడా మాకు అనుకూలమే. టీచరు కావాలనుకునే వాళ్ళు ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చి చేరేది మా అవనిగడ్డకే. డీఎస్సీ కోచింగుకు పెట్టింది పేరు. గదులు అద్దెకు, మెస్సులు, జిరాక్సు సెంటర్లు, పాత ప్రశ్నపత్రాల కట్టలు. ఊరి వ్యాపారమంతా దాని మీదే నడుస్తుంది. 2025 మెగా డీఎస్సీ 16,347 పోస్టులు. హైస్కూల్లో స్కూల్ అసిస్టెంటు అంటే భాషలు, లెక్కలు, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, సాంఘికం, ఆటలు. పద్దుల మాస్టారు, కంప్యూటరు మాస్టారు అని వేరే పోస్టు లేదు. వృత్తివిద్య పెట్టిన బళ్ళకు శిక్షకులు ఏజెన్సీల ద్వారా వస్తారు. వ్యాపారం గురించి చెప్పే మాస్టారుకు తన ఉద్యోగం వచ్చే జూన్‌కు ఉంటుందో లేదో తెలియని ఏర్పాటు ఇది. నష్టభయం అన్న పాఠం ఆయన నోటితో చెప్పనక్కరలేదు, ముఖం చూస్తే చాలు.

ఒకప్పుడు పొరపాటున నిజమైన విద్య ఒకటి ఈ ఊళ్ళల్లో చలామణి అయింది. టైపు ఇన్‌స్టిట్యూటు. సందుకొకటి ఉండేది. లోయరు అంటే నిమిషానికి 30 మాటలు, హయ్యరు అంటే 45. పరీక్ష సాంకేతిక విద్యా మండలి పెట్టేది. కాగితం యంత్రంలోంచి బయటికి లాగగానే ఎన్ని మాటలు కొట్టాడో, ఎన్ని తప్పులో అందరికీ కనపడేది. సిఫారసు పనిచేయదు, ఫొటో పనిచేయదు, ఏ మంత్రిగారి బంధువయినా 45 అంటే 45. ఎంతమంది గుమస్తా కొడుకులు, మేస్త్రీ కూతుళ్ళు ఆ యంత్రాల మీద వేళ్ళు వాచేలా కొట్టి కోర్టుల్లో, కలెక్టరాఫీసుల్లో కుర్చీలెక్కారో! ఇప్పటి సర్టిఫికెట్లలో ఆ మోటుతనం లేదు. పాల్గొన్నందుకు అని ఉంటుంది. ఏం వచ్చిందని ఎవరూ అడగరు. మెరిసే కాగితం, మూడు లోగోలు, రెండు సంతకాలు, అందులో ఒకటి ముద్రించినది.

కంప్యూటరు నేర్పక తప్పదంటే బొమ్మలు గీయడం నేర్పండి, రంగులు నింపడం నేర్పండి, కృత్రిమ మేధ గురించి ఉపన్యాసం పెట్టించండి. భూమి రికార్డుల పోర్టలు మీభూమి మాత్రం తెరవనివ్వకండి. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణాల పదవులు రద్దు చేసింది. ఆయన నిమ్మకూరు మనిషి, మొదటి ఎన్నికల్లోనే గుడివాడలో గెలిచినవాడు. అంతవరకు ఊరి భూముల లెక్క అర్థమయ్యేవాడు ఊళ్ళో ఒక్కడుండేవాడు, ఆయన దయమీద ఊరు నడిచేది. ఆ ఒక్కడూ పోయాక ఎవరికీ అర్థం కాని స్వర్ణయుగం వచ్చింది. ఇప్పుడు అడంగలు, 1బి ఫోనులోనే కనిపిస్తాయి. సర్వే నంబరు కొట్టడం వచ్చిన పిల్ల తాతగారి అరెకరం ఎవరి పేరున ఉందో రెండు నిమిషాల్లో చూసి, అమ్మమ్మను నిద్రలేపి అడుగుతుంది. పాసుపుస్తకం అట్ట మీద నాయకుడి ఫొటో ఉండాలా, రాజముద్ర ఉండాలా అని పెద్దవాళ్ళం ఎన్నికల సభల్లో గొంతులు చించుకున్నాం. లోపలి పేజీలో విస్తీర్ణం సెంట్లతో సహా సరిగ్గా ఉందా అని చూసే బుద్ధి మాకు లేదు. పిల్లలకు వస్తే ఎలా?

నా భయానికి చరిత్ర కూడా ఉంది, ఊరికే అనడం లేదు. బందరుకు డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో గ్లోబ్ అనే ఓడలో వచ్చారు. వాళ్ళు తెచ్చిన ఆయుధాల్లో అన్నిటికంటే పదునైంది లెడ్జరు. ఎవరికి ఎంత బయానా ఇచ్చారు, ఏ నేతగాడు ఎన్ని థానులు బాకీ అన్నది గీతలు గీసి రాసుకున్నారు. గ్లోబ్ ఓడ వర్తకుడు ఫ్లోరిస్ 1614లో బాకీ వసూలు కాక, ఇక్కడి అధికారి కొడుకునే సుంకపు చావడి నుంచి ఎత్తుకెళ్ళి ఓడలో కూర్చోబెట్టాడు. డబ్బు ముట్టేదాకా వదల్లేదు. రుణ యాప్‌ల రికవరీ ఏజెంట్లకు ఆయనే మూలపురుషుడు. ఇటువైపు పుస్తకంలో ఆ బాకీ ఎలా రాసుకున్నారో, అసలు రాసుకున్నారో లేదో ఆ దేవుడికే ఎరుక. పద్దు ఉన్నవాడు వచ్చాడు, పద్దు లేనివాడి ఊరు వాడిదైంది. మూడు వందల ఏళ్ళు ఏ గొడవా లేదు.

తర్వాత వచ్చింది ఉపద్రవం. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. పుస్తకం చదివే కుర్రాడి చేతికే ఉలి, మగ్గం కూడా ఇచ్చారు. జెండా పింగళి వెంకయ్య పాఠాలు చెప్పిన చోటది. చేతిపని నామోషీ కాదని నేర్పితే పర్యవసానం ఎలా ఉంటుందో చూడండి. ఆ ముగ్గురిలో పట్టాభి డాక్టరు. నాడి చూసుకుని బతక్కుండా 1923 నవంబరులో ఆంధ్రా బ్యాంకు తెరిచాడు, చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. ఎంబీఏ లేదు, స్టార్టప్ పాలసీ లేదు, ఇంక్యుబేషన్ సెంటరు లేదు, ఫొటో సెషన్ లేదు. జనం దగ్గర వాటాలు పోగుచేసి, పద్దులు రాసి, బ్యాంకు నడిపేశారు. దాంతో రైతుకు షావుకారు గుమ్మం కాకుండా ఇంకో గుమ్మం కూడా ఉందని తెలిసిపోయింది. ఈ అనర్థాన్ని సర్దుబాటు చేయడానికి మనకు దాదాపు నూరేళ్ళు పట్టింది. 2020 ఏప్రిల్ 1న, ఆ తేదీ ఎవరు ఎంచారో కానీ, బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది, బోర్డు మారింది. మా ఊళ్ళో పుట్టిన పేరు మా ఊళ్ళో గోడల మీదే లేదు. పిల్లలు అడిగితే తప్ప ఎవరికీ గుర్తు రాదు. అందుకే అడగనివ్వద్దంటున్నాను.

ఇంతగా చెప్పినా వినకుండా కోర్సు పెట్టి తీరతామంటే, బందరు పోర్టు ఉంది కదా, ఆ పద్ధతి పాటించండి. దానికి 2008లో రాజశేఖర రెడ్డి ఒక కొబ్బరికాయ కొట్టారు, 2019లో చంద్రబాబు ఒకటి కొట్టారు, 2023లో జగన్ ఒకటి కొట్టారు. ఇంతకాలానికి పనులు సాగుతున్నాయి, సంతోషం. మొదటి రెండు కొబ్బరికాయలు ఏ ఖాతాలో రాయాలన్నది ఇంకా తేలలేదు. లెక్క కుదరని మొత్తాలకు అనామతు ఖాతా అని ఒకటుందట, అందులో పడేయొచ్చు. మీ కోర్సుకు కూడా మూడు ప్రభుత్వాలు మూడుసార్లు శంకుస్థాపన చేస్తే ఇప్పటి తొమ్మిదో తరగతి పిల్ల అప్పటికి అమ్మ అవుతుంది, ఆమె ఖాతాలో పదమూడు వేలు పడతాయి, అందరం క్షేమం.

ప్రారంభోత్సవానికి నన్ను పిలవడం మరిచిపోకండి. షామియానా, మైకు, శాలువాలు, పూలదండలు నా చేతుల మీదుగా ఏర్పాటు చేయిస్తాను. బందరు లడ్డూలు కూడా నేనే పట్టుకొస్తాను, పిల్లలకు తలా సగం. బిల్లు మర్నాడు సాయంత్రం, బడి వదిలేశాక, వెనక గుమ్మం నుంచి పంపిస్తాను.